అసెంబ్లీ పద్దుల చర్చ లైవ్: పక్కన బడ్జెట్ పుస్తకం తెరిచి పెట్టుకుంటేనే చూడండి

తెలంగాణ అసెంబ్లీలో పద్దుల మీద, అంటే ఒక్కో శాఖ ఖర్చుకు సభ అనుమతి అడిగే ప్రతిపాదనల మీద, జరిగే చర్చ లైవ్‌లో వస్తుంది, ఆర్థిక శాఖ వెబ్‌సైట్లో బడ్జెట్ పుస్తకాలు పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి. ఈ రెండిటినీ కలిపి ఒకే సర్వీసు అనుకుని ఈ రివ్యూ రాస్తున్నాను. పైసా ఖర్చు లేదు, ఎవరైనా చూడొచ్చు. రేటింగ్ ముందే చెప్పేస్తా, పుస్తకాలకు ఐదుకు నాలుగు, చర్చకు రెండున్నర. ఎందుకో కింద రాశాను, కాస్త పొడుగ్గానే ఉంటుంది.

నాది టూరిస్టు బండ్లు తిప్పే చిన్న వ్యాపారం. రామప్ప, లక్నవరం, సోమశిల, నాగార్జునసాగర్ బుద్ధవనం, ఇవే మా రూట్లు. గుడి దగ్గర టాయిలెట్ బాగుందా, చెరువు గట్టు మీద లైట్లు వెలుగుతున్నాయా, వాన పడితే లోపలి రోడ్డు మీద బండి పోతుందా అన్న ప్రశ్నలు మా ప్యాసింజర్లు మమ్మల్నే అడుగుతారు. వీటికి డబ్బు ఎక్కడినుంచి వస్తుందో వెతుక్కుంటూ పోతే చివరికి మూడు పద్దుల దగ్గర తేలాను: 17వది పురపాలక, పట్టణాభివృద్ధి, 35వది ఇంధనం, 37వది పర్యాటకం, కళలు, సంస్కృతి. ఉమ్మడి రాష్ట్రం రోజుల నుంచి వస్తున్న నంబర్లివి. ఈ మూడు నంబర్లు గుర్తుంటే వేల పేజీల బడ్జెట్లో మీకు కావలసిన చోటికి నేరుగా పోవచ్చు.

చాలామంది ఆర్థిక మంత్రి ప్రసంగం రోజు ఒక్కటే టీవీ పెడతారు. 2025 మార్చి 19న భట్టి విక్రమార్క గారు 3,04,965 కోట్ల బడ్జెట్ ప్రవేశపెట్టారు, సాయంత్రానికల్లా ఏ శాఖకు ఎంత అని స్క్రీన్ కింద స్క్రోలింగులు తిరిగాయి, మర్నాడు పేపర్లో రంగుల బొమ్మలు వచ్చాయి, మనం అయిపోయిందనుకున్నాం. నిజానికి ఆ రోజుకి అవి అంచనాలే. రాజ్యాంగం 203వ అధికరణం ప్రకారం ఒక్కో శాఖ ఖర్చు ఒక పద్దుగా సభ ముందుకు రావాలి, సభ ఒప్పుకోవాలి. సభ దాన్ని తగ్గించొచ్చు, కాదనొచ్చు, పెంచడానికి మాత్రం వీల్లేదు. గవర్నర్ జీతభత్యాలు, హైకోర్టు జడ్జీల జీతాలు, అప్పుల మీద వడ్డీలు ఓటింగుకు రావు, వాటి మీద మాట్లాడుకోవచ్చంతే. పద్దులన్నీ గట్టెక్కాక 204 కింద ద్రవ్య వినిమయ బిల్లు వస్తుంది, అది పాసైతేనే ఖజానా నుంచి డబ్బు తీసే హక్కు ప్రభుత్వానికి దక్కుతుంది. ఎన్నికల వల్ల 2024లో జరిగినట్టు ముందు కొన్ని నెలల ఖర్చుకు ఓటాన్ అకౌంట్, అంటే తాత్కాలిక అనుమతి, తీసుకుని, పూర్తి బడ్జెట్ తర్వాత పెట్టడం కూడా ఉంది. ఏ దారిలో వచ్చినా మన ఎమ్మెల్యే చేతిలో ఉన్న అసలు అధికారం ఈ పద్దుల రోజుల్లోనే వాడాలి.

ఇక చర్చ ఎలా ఉంటుందో చెప్తాను. మంత్రి లేచి తన శాఖకు ఇన్ని కోట్లకు మించకుండా మంజూరు చేయమని కోరతారు. ప్రతిపక్షం కోత తీర్మానాలు ఇస్తుంది. విధానమే నచ్చకపోతే పద్దును ఒక్క రూపాయికి తగ్గించమని, ఏదైనా ఒక ఫిర్యాదు గట్టిగా వినిపించాలంటే వంద రూపాయలు తగ్గించమని అడిగే పద్ధతి పార్లమెంటు నుంచి వచ్చింది. తర్వాత పార్టీల బలాన్ని బట్టి టైం పంచుతారు, మాట్లాడతారు, మంత్రి జవాబిస్తారు. చివర్లో స్పీకర్ ఒప్పుకునేవాళ్లు అవునని, ఒప్పుకోనివాళ్లు కాదని చెప్పమంటారు, రెండు వైపులా గొంతులు వినిపిస్తాయి, పద్దు ఆమోదం పొందిందని ప్రకటిస్తారు. ఒక శాఖ ఏడాది ఖర్చు ఆ అర నిమిషంలో ఖాయమైపోతుంది, అందుకే నేను ఆ అర నిమిషం తప్పకుండా చూస్తాను.

ఇబ్బంది టైంతోనే. 2024 జూలై 29న తెలంగాణ అసెంబ్లీ పొద్దున పదింటికి మొదలై మర్నాడు తెల్లవారుజామున మూడు దాటేదాకా నడిచింది, ఆ ఒక్క రోజే 19 పద్దులకు ఆమోదం తెలిపారు. అంతసేపు కూర్చున్న సభ్యుల మీద, రిపోర్టర్ల మీద, అసెంబ్లీ సిబ్బంది మీద నాకు గౌరవమే ఉంది. కానీ లెక్క వేయండి, దాదాపు పదిహేడు గంటలను పంతొమ్మిదితో భాగిస్తే ఒక్కో పద్దుకి గంట కూడా రాదు. అందులోనే పాయింట్ ఆఫ్ ఆర్డర్లు (సభ నిబంధనల మీద అభ్యంతరాలు), ఒకరినొకరు అనుకోవడాలు, స్పీకర్ ముందున్న వెల్ దగ్గరికి రావడాలు. విద్యుత్ లాంటి పెద్ద శాఖ లేస్తే టైం మొత్తం అదే తినేస్తుంది, చిన్న శాఖలకు ఏ అర్ధరాత్రో నాలుగు మాటలు మిగులుతాయి. రాత్రి రెండింటికి పర్యాటకం గురించి ఎవరైనా ఎంత మంచి ప్రశ్న వేసినా తెల్లారి పేపర్లో అది రాదు, ఎందుకంటే పేపరు అప్పటికే ప్రింటుకు వెళ్లిపోయి ఉంటుంది.

పర్యాటకం ఎంత చిన్న శాఖో అంకెల్లో చూస్తే తెలుస్తుంది. 2025-26లో దానికి 775 కోట్లు చూపించారు, అంటే బడ్జెట్లో ప్రతి వంద రూపాయలకు పావలా. ఇంధన శాఖకు 21,221 కోట్లు, వందకు సుమారు ఏడు రూపాయలు. పురపాలకానికి 17,677 కోట్లు, వందకు ఆరు రూపాయలకు కాస్త తక్కువ. అదే ఏడాది ప్రకటించిన కొత్త పర్యాటక విధానంలో ఐదేళ్లలో 15,000 కోట్ల పెట్టుబడులు, 3 లక్షల మందికి ఉపాధి అని లక్ష్యాలు పెట్టుకున్నారు. లక్ష్యం పెద్దగా ఉండటం మంచిదే, నాకూ ఇష్టమే, నా అన్నం అందులోనే ఉంది. కానీ ప్రైవేటు పెట్టుబడి రావాలంటే ముందు రోడ్డు, కరెంటు, నీళ్లు, చెత్త తీసే మనిషి ఉండాలి. ఆ పని ఈ పావలాలోంచి జరగాలి, లేదంటే 17వ, 35వ పద్దుల్లోంచి, పంచాయతీరాజ్, రోడ్లు భవనాల పద్దుల్లోంచి జరగాలి. నేను చూసిన చర్చల్లో ఈ శాఖలన్నీ ఒకే చోటికి ఎలా చేరతాయని అడిగినవాళ్లు చాలా తక్కువ. ఏ శాఖకు ఆ శాఖ విడివిడిగా మాట్లాడుకుని వెళ్లిపోతారు.

ఇప్పుడు పుస్తకాల సంగతి. నాలుగు మార్కులు ఊరికే ఇవ్వలేదు, మొదట్లో కష్టంగా ఉన్నా అలవాటైతే వీటంత నిజాయితీగా మాట్లాడేది బడ్జెట్ సమావేశాల్లో ఇంకొకటి లేదు. పర్యాటకం పద్దు తెరవండి. 3452 అని ఒక ప్రధాన పద్దు కనిపిస్తుంది (ఇది ఖర్చు దేనిమీదో చెప్పే కోడ్, సభలో ఓటేసే పద్దు వేరు), అది పర్యాటకం మీద రెవెన్యూ ఖర్చు, అంటే రోజువారీ ఖర్చు. 5452 అంటే మూలధన ఖర్చు, కట్టడాలు, శాశ్వత పనులు. 3452 కింద 104 అని ఉంటే అది ప్రచారం, పబ్లిసిటీ. ఇంకా లోపలికి వెళ్తే 010 జీతాలు, 310 గ్రాంట్లు, 530 పెద్ద పనులు. ఈ కోడ్లు ఒకసారి చేతికి అలవాటైతే 'పర్యాటకానికి పెద్దపీట' అన్న హెడ్డింగ్ కింద నిజంగా ఏముందో పది నిమిషాల్లో మీరే తేల్చుకోవచ్చు: ఎంత జీతాలకు, ఎంత హోర్డింగులకు, ఎంత మెట్లు కట్టడానికి.

అంతకంటే ముఖ్యం ఆ వరుసలో అడ్డంగా ఉండే నాలుగు అంకెలు. 2025-26 పుస్తకమైతే మొదటిది 2023-24లో నిజంగా అయిన ఖర్చు, రెండోది 2024-25 బడ్జెట్ అంచనా, మూడోది అదే ఏడాదికి సవరించిన అంచనా, నాలుగోది కొత్త ఏడాది అంచనా. టీవీలో వినిపించేది నాలుగోది. సభలో రెండు పక్షాలూ కొట్లాడుకునేది కూడా ఎక్కువగా నాలుగోదాని మీదే, మేం ఇంత పెంచాం, మీరు అప్పుడు అంతే ఇచ్చారు అని. నేను మాత్రం రెండో అంకె నుంచి మూడోదానికి ఎంత పడిపోయిందో చూస్తాను, తర్వాత మొదటి అంకె చూస్తాను. ఒక ఏడాది నిజంగా నలభై ఖర్చు పెట్టి, తర్వాతి ఏడాదికి వంద రాసి, డెబ్బైకి సవరించి, మళ్లీ కొత్త ఏడాదికి నూట ఇరవై రాసిన వరుస మీకు కనిపించిందనుకోండి, ఆ నూట ఇరవై మీద రెండు గంటలు వాదించుకోవడంలో అర్థం లేదు. అడగాల్సింది ఆ వందలో ముప్పై ఎందుకు ఆగిపోయిందని. పనికి అనుమతి రాలేదా, టెండర్ పడలేదా, పని అయ్యాక బిల్లు ఆగిందా? ఒక చెరువు దగ్గర లైట్ల పని చేసి బిల్లు కోసం నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరుగుతున్న ఒకాయన నాకు తెలుసు, బడ్జెట్లో ఆ పనికి డబ్బు ఉంది, జీవో కూడా ఉంది, లేనిదల్లా విడుదలే. కేటాయింపు వేరు, విడుదల వేరు అని ఇలాంటివాళ్లకు బాగా తెలుసు. సభలో మాత్రం ఈ రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు, నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, ప్రసంగం తెలుగులో దొరుకుతుంది గానీ పద్దుల వారీ వివరాల పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఈ రాష్ట్రంలో చాలామంది ఉన్నారు, వాళ్ల డబ్బు లెక్క వాళ్ల భాషలో ఉండాలి. ఇంకోటి, పేజీ పైన యూనిట్ ఏమిటో చూసుకోండి, లక్షల్లో ఉన్నదాన్ని కోట్లనుకుని చదివితే మొత్తం తలకిందులవుతుంది.

పుస్తకంలో కనిపించని డబ్బు కూడా ఉంది. హరిత హోటళ్లు, బోట్లు నడిపేది పర్యాటక అభివృద్ధి సంస్థ, అది కార్పొరేషన్, దాని రాబడి ఖర్చులన్నీ 37వ పద్దులో వెతికితే దొరకవు. కేంద్రం రాష్ట్రాలకు యాభై ఏళ్లకు వడ్డీ లేకుండా ఇచ్చే అప్పు పథకం కింద రామప్ప సర్క్యూట్‌కు 73.74 కోట్లు, సోమశిల ప్రాజెక్టుకు 68.10 కోట్లు మంజూరయ్యాయి. ఆంధ్రాలో అదే పథకం కింద రాజమండ్రి అఖండ గోదావరికి 94.44 కోట్లు, గండికోటకు 77.91 కోట్లు. వడ్డీ లేకపోయినా అప్పు అప్పే, తీర్చాల్సింది రాష్ట్రమే. రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చింది 2021 జూలైలో. అప్పటినుంచి పాలంపేటకు వచ్చే బండ్లు పెరిగాయి, నేనూ తిప్పాను. గుడి చూసి నోరెళ్లబెట్టిన మనిషి బయటికొచ్చి నీడ కోసం, మంచినీళ్ల కోసం వెతుక్కోకూడదు. ఆ 73 కోట్లు ఏయే పనులకు, ఎప్పటిలోగా అన్నది సభలో వరుసగా చదివించాలని నా కోరిక.

కరెంటు చర్చకు వస్తే, చూడటానికి అన్నిటికంటే హాటుగా ఉండేది ఇదే, మా ఇంట్లోవాళ్లు కూడా వచ్చి కూర్చునేది దీనికే. 2023 డిసెంబరులో ప్రభుత్వం పెట్టిన శ్వేతపత్రంలో విద్యుత్ సంస్థల అప్పులు 81,516 కోట్లు, డిస్కంల (కరెంటు పంపిణీ సంస్థల) పేరుకుపోయిన నష్టాలు 62,461 కోట్లు అని చూపించారు. కొత్త ప్లాంట్లు, ఇరవై నాలుగు గంటల సరఫరా మేం ఇచ్చాం అని ఒక పక్షం, వాటి వెనక ఈ అప్పు మిగిల్చారు అని ఇంకో పక్షం. 2024 జూలై సమావేశాల్లో పంపుసెట్లకు మీటర్లు పెడతామని డిస్కంలను అప్పుల నుంచి గట్టెక్కించడానికి కేంద్రం పెట్టిన ఉదయ్ పథకం 2017 ఒప్పందంలో ఉందా లేదా అన్న దాని మీద పెద్ద గొడవ నడిచింది. గొడవ సంగతెలా ఉన్నా అలాంటి రోజుల్లో ఒక మేలు జరుగుతుంది, ఒప్పందం కాగితాలు సభలో బయటికి వస్తాయి, మనం వెతుక్కుని మొత్తం చదువుకోవచ్చు. సగం వాక్యం చదివారని అవతలివాళ్లు అంటే మిగతా సగం ఏమిటో మనకే తెలుస్తుంది.

కానీ 35వ పద్దులో ఎక్కువ భాగం కొత్త లైన్లకో సబ్‌స్టేషన్లకో పోయేది కాదు, సబ్సిడీ, అంటే 330 అన్న కోడ్. వ్యవసాయానికి ఉచిత కరెంటు, 200 యూనిట్ల లోపు ఇళ్లకు గృహజ్యోతి. గృహజ్యోతి ఒక్కదానికే 2025-26లో 2,080 కోట్లు చూపించారు. ఇవ్వొద్దని నేననను, మా ఊళ్లో బోరు మీద బతికేవాళ్లను చూస్తూ ఆ మాట అనలేను. అడగాల్సింది ఇంకోటుంది. విద్యుత్ చట్టం 2003లో 65వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఎవరికైనా చార్జీ తగ్గించి ఇవ్వాలనుకుంటే ఆ సొమ్ము డిస్కంలకు ముందుగానే కట్టాలి. ఏ నెల కట్టాల్సింది ఆ నెల కట్టారా అన్న ప్రశ్న ఒక్కటి ప్రతి పద్దు చర్చలో అడిగితే చాలు, సగం వాదనలు అక్కడే తేలిపోతాయి. డబ్బు ఆలస్యమైతే డిస్కం అప్పు చేస్తుంది, దాని వడ్డీ భారం ఏదో ఒక దారిలో మళ్లీ మన నెత్తినే పడుతుంది. కరెంటు విషయంలో మీకు సొంతంగా మాట్లాడాలనుంటే అసెంబ్లీ లైవ్ కంటే విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ మెరుగు. అక్కడ మామూలు వినియోగదారుడు కూడా అభ్యంతరం రాసిచ్చి, లేచి మాట్లాడొచ్చు, డిస్కం జవాబివ్వాలి.

ఆంధ్రా వైపు కూడా ఒక మాట, మా బండ్లు శ్రీశైలం, అరకు వెళ్తాయి కాబట్టి అదీ చూస్తుంటాను. 2025 ఫిబ్రవరి 28న పయ్యావుల కేశవ్ గారు 3,22,359 కోట్ల బడ్జెట్ పెట్టారు. ఇంధనానికి 13,600 కోట్లు, పురపాలకానికి 13,862 కోట్లు, అమరావతికి 6,000 కోట్లు, యువజన, పర్యాటక, సాంస్కృతిక శాఖలు మూడింటికీ కలిపి 469 కోట్లు. వందకు పదిహేను పైసలు కూడా కాదు. పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చిన రాష్ట్రంలో ఇది ఎలా సరిపోతుందని గట్టిగా అడిగే గొంతు కావాలి. అక్కడ 175 సీట్లలో 164 కూటమివే, మిగతా 11 మంది ఉన్న పక్షం చాలా రోజులు సభకు రాలేదు. సొంత పక్షం ఎమ్మెల్యేలు కొందరు తమ నియోజకవర్గం రోడ్డు గురించో, మంచినీటి పైపు గురించో మంత్రిని బాగానే నిలదీస్తారు, వాళ్లకు నమస్కారం. అయినా కోత తీర్మానం ఇచ్చేవాళ్లు లేని పద్దు చర్చ సగం చర్చే. ఎవరి కారణం వాళ్లకుండొచ్చు, నష్టం మాత్రం చూసేవాడికే.

దీనికి మందు లేక కాదు. కేరళలో 1980 నుంచి సబ్జెక్ట్ కమిటీలు ఉన్నాయి. బడ్జెట్ మీద సాధారణ చర్చ అయ్యాక సభకు కొన్ని రోజులు విరామం ఇచ్చి, అన్ని పార్టీల సభ్యులూ ఉన్న ఆ కమిటీలు పద్దులను కూర్చుని చదువుతాయి, అధికారులను పిలిచి అడుగుతాయి, తర్వాతే పద్దులు సభకు వస్తాయి. పార్లమెంటులోనూ శాఖల వారీ స్థాయీ సంఘాలు ఈ పని చేస్తాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ కమిటీ గదిలో ఇలాంటి పని గట్టిగా జరిగితే తెల్లవారుజాము మూడింటిదాకా కూర్చోవాల్సిన అవసరం రాదు, 5452 కింద పైసలు ఎందుకు మిగిలిపోయాయో అధికారి జవాబు చెప్పక తప్పదు.

చూడాలనుకునేవాళ్లకు నా అనుభవంతో కొన్ని మాటలు. న్యూస్ చానల్లో కాకుండా అసెంబ్లీ పూర్తి ప్రసారమే చూడండి. ఒక చానల్లో పర్యాటకం పద్దు మొదలవగానే ప్రకటనలకు వెళ్లి, వచ్చేసరికి స్టూడియోలో గొడవ పెట్టారు, అప్పటినుంచి అటు పోలేదు. మొత్తం చూసే ఓపిక లేకపోతే మంత్రి జవాబు ఒక్కటైనా వినండి, అంకెలు ఎక్కువగా అందులోనే ఉంటాయి. చట్టసభల పనిని విశ్లేషించే పీఆర్ఎస్ సంస్థ ప్రతి రాష్ట్ర బడ్జెట్‌కూ కొన్ని పేజీల విశ్లేషణ వేస్తుంది, ఇంగ్లీషులో ఉన్నా సులువుగా ఉంటుంది, పెద్ద పుస్తకాల ముందు అది చదివితే దారి తెలుస్తుంది. ఏడాది ముగిశాక కాగ్ (ప్రభుత్వ లెక్కలు ఆడిట్ చేసే సంస్థ) ఇచ్చే లెక్కలతో పోల్చుకోవచ్చు.

మీ ఎమ్మెల్యేకు ప్రశ్న పంపాలంటే పద్దు నంబరు, ప్రధాన పద్దు కోడ్, రెండు కాలమ్‌ల తేడా, మూడూ ఒకే మెసేజ్‌లో రాయండి. అభివృద్ధి ఎక్కడ అని అడిగితే ఏ జవాబైనా చెప్పొచ్చు, ఫలానా కోడ్ కింద ఇంత రాసి ఇంతే ఎందుకు పెట్టారని అడిగితే వాళ్ల పీఏ అయినా పుస్తకం తెరవాల్సిందే. పాత ఏడాదుల పీడీఎఫ్‌లు మాత్రం పారేయకండి. పర్యాటకానికి ఇప్పుడు చెప్పిన 775 కోట్లలో నిజంగా ఎంత ఖర్చయిందో 2027-28 బడ్జెట్ పుస్తకం మొదటి కాలమ్‌లో వస్తుంది.